గిన్నెల జాబితాలో మనుషుల పేర్లు

అందరికీ నమస్కారం. కిందటి వీడియోలో ఇక్కడి కూరగాయల ధరలు చూసి గుండెలు బాదుకున్నారు కదా, ఈసారి కూడా ధరల గురించే. కాకపోతే ఇవి 200 ఏళ్ల కిందటివి.

మేముండే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వర్జీనియాలో ఉంది. హెర్న్‌డన్, చాంటిలీ వైపు తెలుగు వినపడని పార్కు ఉండదు. ఈ కౌంటీ కోర్టు పాత రికార్డుల్లోనే అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ వీలునామా, ఆయన భార్య మార్తా వీలునామా రెండూ ఉన్నాయని చాలామందికి తెలియదు. నాకు చెప్పింది మా పక్కింటావిడ. నల్లజాతి కుటుంబం, పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తన పూర్వీకుల పేర్ల కోసం ఇలాంటి కాగితాలు తిరగేస్తుంటారు. ఆవిడ పుణ్యమా అని ఆ పిచ్చి నాకూ అంటుకుంది.

ఆ రోజుల్లో ఇక్కడ ఇంటి పెద్ద పోతే వీలునామాను కోర్టులో రుజువు చేసుకోవాలి. కోర్టువారు ఇరుగుపొరుగులో ముగ్గురు నలుగురిని పిలిచి ప్రమాణం చేయిస్తారు. వాళ్లు ఆ ఇంటికి వెళ్లి సామాను అంతా చూసి, ఒక్కో వస్తువు పక్కన ఇంత విలువ అని రాస్తారు. భూమి ఇందులోకి రాదు. పెద్ద ఇళ్లలో గది తర్వాత గది తిరుగుతూ రాసేవారు కాబట్టి, జాబితా చదువుతుంటే మనమూ వాళ్ల వెనకే నడుస్తున్నట్టుంటుంది. ఏ గదిలో మంచముందో, ఏ గదిలో విరిగిన కుర్చీలు పడేశారో అన్నీ తెలిసిపోతాయి. సామాన్యుల ఇళ్లలో ఈకలు నింపిన పరుపు, దాని దుప్పట్లు, తెరలే చాలాసార్లు ఖరీదైన సామాను. ఇదే కౌంటీలోని గన్‌స్టన్ హాల్ మ్యూజియంవారు 1740 నుంచి 1810 వరకు వర్జీనియా, మేరీలాండ్‌లలో రాసిన 325 జాబితాలను విప్పి రాసి పెట్టారు. ఒక్కసారి మొదలుపెడితే వంట సంగతి మరిచిపోతారు, ముందే చెబుతున్నాను.

ఆడవాళ్ల జాబితాలు మాత్రం తక్కువ. పెళ్లయితే భార్య సొత్తు భర్తదైపోయే చట్టం అది. వితంతువైతేనో, పెళ్లి కాకపోతేనో తప్ప ఆమె పేరుతో కాగితం పుట్టదు.

మార్తా వితంతువు కనుక ఆమె వీలునామా ఉంది. దానికీ ఒక కథ ఉంది. 1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య మొదలైన అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికాధికారి ఒకాయన కోర్టులోంచి దాన్ని పట్టుకుపోయాడు. అది చేతులు మారి కోటీశ్వరుడు జె. పి. మోర్గాన్ ఇంటికి చేరింది. మాది మాకివ్వమని వర్జీనియా దావా వేశాక, 1915లో తిరిగొచ్చింది.

ఆ వీలునామా చదివితే అచ్చం మన ఇళ్లలో పంపకాల రోజు గిన్నెల మీద చెక్కించిన పేర్లు చూసుకుంటూ పంచుకున్నట్టే ఉంటుంది. మనవడు జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్‌కు వెండి సామాను, లోపల ఓడ బొమ్మ ఉన్న గిన్నె, సిన్సినాటి పింగాణీ. తాను పోయేనాటికి ఇంట్లో మిగిలి ఉంటే ఒక పెద్ద పీపా వైను కూడా. మిగిలి ఉంటే అన్న ఆ షరతు నాకెంతో నచ్చింది. ఇల్లు నడిపిన మనిషి మాట అది! సిన్సినాటి పింగాణీ అంటే చైనాలో చేయించిన 302 వస్తువుల భోజనాల సెట్టు. 1786లో వాషింగ్టన్‌కు కొనిపెట్టింది హెన్రీ లీ. ఈ పేరు గుర్తుంచుకోండి.

చివర్లో చేర్చిన అనుబంధంలో ఇంకొకటి ఉంది. ఎలిష్ అనే మనిషి. తాను కొన్న ఎలిష్‌ను కూడా ఆ మనవడికే ఇస్తున్నట్టు రాసింది. ఓడ గిన్నె ఎవరికో, మనిషీ వాళ్లకే.

ఇక్కడే మా పక్కింటావిడ నన్ను ఆపి, ఇంకా వెనక్కి వెళ్లమన్నారు. 1757లో మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ వీలునామా రాయకుండా పోయాడు. చట్టం ప్రకారం ఆమెకు మూడో వంతు దక్కింది, అందులో బానిసలూ ఉన్నారు. అనుభవించడమే తప్ప అమ్మే హక్కు లేదు, విడుదల చేసే హక్కు అంతకన్నా లేదు. ఆమె తర్వాత అది కస్టిస్ వారసులది. 1799లో వాషింగ్టన్ స్వయంగా రాసుకున్న జాబితాలో తన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు. అందులో ఆయన సొంతం 123 మంది. తన భార్య పోయాక వారికి విముక్తి అని వీలునామాలో రాశాడు. ఆమె ఆగకుండా 1801 జనవరి 1న వారిని వదిలేసింది. కస్టిస్ వాటాలోని 153 మంది మాత్రం ఆమె పోయాక నలుగురు మనవలకు పంపకమైపోయారు. రెండు వాటాల మధ్య పెళ్లిళ్లు చాలా జరిగాయి. భర్త స్వేచ్ఛాజీవి, భార్యాపిల్లలు మాత్రం ఎవరో మనవడి వాటా. ఒక మనిషి వీలునామా రాయకపోవడం నలభై అయిదేళ్ల తర్వాత ఎవరి కాపురాలు కూల్చిందో చూడండి.

ఆ 1799 జాబితాలో ఎవరి భార్య ఎవరో కూడా ఉంది. పక్కింటావిడ లాంటివాళ్లకు బంగారం అదే. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు పేర్లు రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే. పేర్లతో లెక్క వచ్చింది 1870లో. అంతకు ముందు తమ ముత్తాతను వెతకాలంటే, ఇంకొకరి ముత్తాత సామాను జాబితాలో, ఆవులకూ పరుపులకూ మధ్య వెతకాలి. ఆవిడ ఈ మాట చాలా మామూలుగా చెప్పారు. నేనే కాసేపు ఏమీ అనలేకపోయాను.

సరే, పింగాణీకి వద్దాం. మనవడు కస్టిస్ ఆ సామాను ఆర్లింగ్టన్‌లో తన భవనంలో పెట్టుకున్నాడు. ఇప్పుడు సైనిక శ్మశానం ఉన్న చోటే. 1857లో ఆయన పోయాడు. తన బానిసలను అయిదేళ్లలోపు వదిలేయాలని రాశాడు. ఎంత మంచివాడో అన్నాను నేను. "అయిదేళ్లు ఎందుకట?" అని అడిగారు ఆవిడ. నలుగురు మనవరాళ్లకు తలా 10,000 డాలర్లు రాశాడు. ముందు ఆ డబ్బు పుట్టాలి. వీలునామా అమలు చేయాల్సినవాడు అల్లుడు రాబర్ట్ ఇ. లీ, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని అయినవాడు. ఆ హెన్రీ లీ కొడుకే. ఆయన ఆ బానిసలను బయట కూలికి పంపి మరీ డబ్బు కూడబెట్టాడు, గడువు పెంచమని కోర్టుకూ వెళ్లాడు.

1861లో యుద్ధం ముంచుకొచ్చి లీ భార్య ఇల్లు విడిచి వెళుతూ తాళాలు సెలీనా గ్రే అనే బానిస స్త్రీ చేతిలో పెట్టింది. ఇంట్లో దిగిన ఉత్తరాది సైనికులు వాషింగ్టన్ కాలం నాటి వస్తువులు ఎత్తుకుపోతుంటే సెలీనా నేరుగా వాళ్ల జనరల్ మెక్‌డవెల్‌కు ఫిర్యాదు చేసింది. ఆయన మిగిలినవాటిని వాషింగ్టన్ నగరంలోని పేటెంట్ కార్యాలయానికి తరలించాడు. మ్యూజియంలో అలాంటి సామాను చూసినప్పుడు అడుగున రాసిన దాత పేరుతో సరిపెట్టుకోకండి.

లీ విముక్తి పత్రం మీద 1862 డిసెంబరు 29న సంతకం పెట్టాడు. అందులో సెలీనా, భర్త థార్న్‌టన్ గ్రే, వాళ్ల ఆరుగురు పిల్లలు ఒకే కుటుంబంగా, ఇంటిపేరుతో ఉన్నారు. మా పక్కింటావిడ వెతికేది అలాంటి ఇంటిపేరు కోసమే. వచ్చే వారం అలెగ్జాండ్రియా రికార్డులు చూడటానికి వెళుతున్నారు, కారు నాది.