ముందు 13 వేయాలా, వెనక 40 వేయాలా? మా క్వాడ్ స్ప్రాకెట్ల కథ

హాయ్ అండీ అందరికీ. వెనకాల ఆ గుర్రుమనే సౌండ్ పట్టించుకోకండి, బోర్ మోటార్ అది, ఈ టైంలోనే కరెంట్ ఇస్తారు, ఆపమంటే ఊరుకోరు. నేనిప్పుడు హోస్కోటే దాటినాక మా ఫ్రెండ్ వాళ్ళ మామిడి తోటలో ఉన్నా. ఇదిగో, మన క్వాడ్, అంటే మట్టిలో తోలే నాలుగు చక్రాల బండి, యమహా వైఎఫ్‌జెడ్ 450ఆర్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. రోడ్డు మీద తోలేది కాదు కాబట్టి బెంగళూరు నుంచి ప్రతిసారీ చోటా హాథీలో ఎక్కించుకొని రావాల్సిందే, తాళ్ళు కట్టడానికే అరగంట.

నా చేతిలో రెండు స్ప్రాకెట్లు చూడండి, చైన్ తిరిగే పళ్ళ చక్రాలు ఇవి. చిన్నది ముందుది, 13 పళ్ళు. పెద్దది వెనకది, 38, కంపెనీది. ఇప్పుడు బండి మీద ఉన్నది వేరే సెట్టు, దానికి వస్తా. ముందు ఎందుకు మార్చానో చెప్పాలి కదా.

అదిగో ఆ పంపు షెడ్డు కనిపిస్తా ఉందా, దాని చుట్టూ యూ టర్న్ కొట్టి వెంటనే ఎత్తు ఎక్కాలి, కింద ఎర్రమట్టి పిండిలా ఉంటది. సెకండ్‌లో వస్తే ఇంజిన్ ముక్కుతా ఉంటది, ఫస్ట్‌లో వేస్తే గొంతు చించుకుంటది, వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి. హాఫ్ క్లచ్ కొట్టి కొట్టి నా ఎడమచెయ్యి పోయింది. అందరూ ఏం చెప్తారు? "ముందు ఒక పన్ను తగ్గించు బావా, పికప్ వచ్చేస్తది" అంటారు. చవక, తొందరగా అయిపోద్ది, నేనూ అదే చేసినా.

లెక్క సింపుల్. వెనక పళ్ళని ముందు పళ్ళతో భాగించండి. కంపెనీది 38 బై 14, అంటే 2.71. ముందు 13 వేస్తే 2.92, దాదాపు 7.7 శాతం షార్ట్, అంటే లాగుడు పెరిగి, గేర్‌కి వచ్చే స్పీడ్ తగ్గుతది. అదే ముందు 14 ఉంచి వెనక 40 వేస్తే 2.86, 5 శాతం చిల్లర. అంటే ముందు ఒక పన్ను తగ్గించడం, వెనక మూడు పెంచడం దాదాపు ఒకటే. ఫైన్‌గా అడ్జస్ట్ చేసుకోవాలంటే వెనకది, ఒకేసారి పెద్ద తేడా కావాలంటే ముందుది.

13 వేసినాక ఆ యూ టర్న్ సెకండ్‌లో వెన్నలా వచ్చేసింది, నేనేదో పెద్ద ట్యూనర్ అయిపోయినట్టు ఫీలైపోయి నలుగురికి క్లాస్ కూడా పీకినా.

తర్వాత టైర్లు అరిగిపోయినాయి. కొత్తవి తెప్పిద్దామని సైజు చూద్దామని గుడ్డతో బురద తుడిస్తే సైడ్‌వాల్ మీద, అంటే టైర్ పక్కభాగం మీద, 22 అని ఉంది, టైర్ ఎత్తు 22 ఇంచులని. ఈ బండికి వెనక కంపెనీ ఇచ్చేది 20 ఇంచులు! పాత ఓనర్ ఎప్పుడో మార్చేసినాడు, నాకు చెప్పలేదు, నేనూ చూడలేదు. 20 నుంచి 22 అంటే 10 శాతం, గేరింగ్ 10 శాతం టాల్, అంటే షార్ట్‌కి రివర్స్, అయిపోయినట్టే. నేను 13 వేసి పీకిందేమీ లేదు, పోయిన గేరింగ్‌ని ఇంచుమించు కంపెనీ దగ్గరికి తెచ్చినా, అంతే. అందుకే నా మాట వినండి, స్ప్రాకెట్ కొనే ముందు టైర్ కొలవండి. సైడ్‌వాల్ నంబర్ కూడా పూర్తిగా నమ్మొద్దు, క్వాడ్ టైర్లలో గాలి తక్కువ ఉంటది కదా, మనిషి కూర్చుంటే కుంగుతాయి. చాక్‌పీస్‌తో టైర్ మీద, నేల మీద గీత గీసి, ఒకరు కూర్చున్నాక సరిగ్గా ఒక రౌండ్ తోసి టేపుతో కొలవండి. అదే అసలు లెక్క.

సరే, 20 ఇంచుల టైర్లు వచ్చినాయి, 13 అలాగే ఉంచి తోలినా. అబ్బా, నరకం. ఆ రెండు వరసల చెట్ల మధ్య స్ట్రెయిట్‌లో గేర్ మీద గేర్, గేర్ మీద గేర్, ఉన్నవే ఐదు, సగం దూరంలోనే అయిపోతా ఉన్నాయి. 14 తిరిగి వేసినా. స్ట్రెయిట్ బాగుంది, యూ టర్న్ మాత్రం ఇంకా కొంచెం బద్ధకం. ఇంకోటి ఏందంటే బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి చెన్నై కంటే 8 శాతం దాకా పల్చన, టర్బో లేని ఇంజిన్ ఆ మేరకు తగ్గుతది. అందుకే చెన్నైలో ఎవరో సూపర్ అన్న సెట్టు ఇక్కడ సోమరిగా అనిపించొచ్చు.

చివరికి వేసింది 14 బై 40, అంటే ముందు 14, వెనక 40. యూ టర్న్ కుదిరింది, స్ట్రెయిట్ చెడలేదు.

కానీ ఊరికే రాలేదు. చైన్ 520 సైజే, కేటీఎం 390కి వచ్చేదే, బెంగళూరు జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల షాపుల్లో సులువుగా దొరుకుతది. వెనక స్ప్రాకెట్ దగ్గరే కష్టం. షాపాయన రెండు మూడు బైక్‌లవి తెచ్చి పెట్టి చూసి, బోల్టు హోల్స్ కలవక నవ్వేసి "చైన్ ఎంత పొడుగు కావాలన్నా ఇస్తా సార్, ఇది మాత్రం నావల్ల కాదు" అన్నాడు. బయటినుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. 13 బై 38 నుంచి 14 బై 40కి పోతే పాత చైన్ చాలదు, లింకులు ఎప్పుడూ జతల్లోనే పెంచాలి కాబట్టి రెండు ఎక్కువ పడింది. పాత చైన్ ఎలాగూ సాగిపోయింది, కొత్త స్ప్రాకెట్ మీద పాత చైన్ వేస్తే పళ్ళు కొడవలిలా వంగిపోతాయి, ఆ పిసినారితనం వద్దు.

ఇక్కడ కెమెరా కిందకి పెడతా, చూడండి. 40 వేస్తే స్ప్రాకెట్ కింది అంచు 5 మిల్లీమీటర్లు దిగింది, టైర్ చిన్నదయ్యేసరికి యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, ఇంకో 25 దిగింది. ఇదిగో ఈ గీత, పోయిన ఆదివారం రాయి తగిలింది, కింద కాపాడే స్కిడ్ ప్లేట్ లేకపోతే పన్నే పోయేది. రాళ్ళు ఎక్కువున్న చోట 42, 43 అని ఎగబడకండి. అలాగని ముందు 12కి దిగడం కూడా నాకు నచ్చదు, చైన్ మరీ చిన్న రౌండ్ తిరగాలి, స్వింగార్మ్, అంటే వెనక చక్రాల్ని పట్టుకొని పైకీ కిందకీ ఊగే చెయ్యి, దాని మీద చైన్ తగలకుండా ఉండే స్లైడర్‌ని కూడా గీకుతది.

చైన్ టైట్ చేసేటప్పుడు జాకీ మీద లేపి చూసి వదిలేయొద్దు. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ ఊగే బోల్టు అంటే పివట్, వెనక యాక్సిల్, ఈ మూడూ ఒకే లైన్‌లోకి వచ్చినప్పుడే చైన్ అన్నిటికంటే టైట్. ఇద్దరు ఎక్కి కూర్చుంటే వస్తది ఆ పొజిషన్, అక్కడ కూడా కొంచెం లూజ్ ఉండాలి.

ఒరేయ్, రా, వచ్చి కూర్చో బండి మీద, చూపిద్దాం వీళ్ళకి. ఆ మోటార్ కూడా ఆపేసినట్టున్నారు, పనిలో పనిగా యూ టర్న్ సౌండ్ కూడా వినిపిస్తా.