పడక సీనులో కాళ్ల దగ్గర నిలబడేవాడు

నమస్కారం అండీ. పగలంతా రైసు మిల్లులో లెక్కలు రాసుకుని, సీజను వస్తే రాత్రిళ్లు ముఖానికి రంగేసుకునే మనిషిని నేను. "ఎప్పుడూ ఆ పడక సీనేనా, మీకు విసుగు రాదా?" అని చాలామంది అడుగుతుంటారు. ఇవాళ దాని గురించే మాట్లాడదాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తిరుపతి వేంకట కవులనే జంట కవులు రాసిన పాండవోద్యోగం పద్యనాటకంలోది ఈ సీను. యుద్ధంలో సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఇద్దరూ ద్వారకకి వస్తారు. కృష్ణుడు దొంగ నిద్రలో ఉంటాడు. దుర్యోధనుడు దర్జాగా తల వైపు ఆసనం మీద కూర్చుంటే, అర్జునుడు కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. నాది అర్జునుడి వేషం.

మాకు ఒకే హాల్లో రోజూ ఆట ఉండదు. సార్వా కోతలయ్యాక సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థాలు వస్తాయి. అత్తిలి, బిక్కవోలు ఆ రోజుల్లో కిటకిటలాడిపోతాయి. తర్వాత సంక్రాంతి, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు, శివరాత్రి. ఊరు మారుతుంది, హార్మోనిస్టు మారతాడు, కృష్ణుడూ మారతాడు. పేరున్న కృష్ణుడిని కమిటీవాళ్లు పిలిపిస్తారు, మాలాంటివాళ్లం మిగతా వేషాలు సర్దుకుంటాం. కలిసి రిహార్సల్ చేసేదేమీ ఉండదు. కిరీటం కట్టుకుంటూ, "గురువుగారూ, ఏ పద్యాలు ఎత్తుకుంటారు?" అని అడగడమే మా రిహార్సల్.

అందుకే విసుగు రాదు, టెన్షన్ వస్తుంది. ఒకాయన కుశలమడిగే పద్యం మోహనలో అందుకుని రాగం సాగదీస్తాడు. ఇంకొకాయన గొంతు రాసుకుపోయి ఉంటుంది, హార్మోనియం మీద అర శ్రుతి తగ్గించేస్తారు. ఆ వెంటనే నేను పద్యం ఎత్తుకోవాలి. చెవులు అప్పగించి వినకపోతే నా శ్రుతి వేరే ఊళ్లో ఉంటుంది. నాటకం నలిగేకొద్దీ నోరు దానంతటదే తిరిగిపోతుంది చూడండి, అసలు ప్రమాదం అక్కడే. కొత్తలో భయంతోనైనా వింటాం.

ఇక వన్స్‌మోర్‌ల సంగతి. కృష్ణుడు పద్యం ముగించగానే చప్పట్లు, మళ్లీ పాడమని కేకలు. ఈలోగా మైకులో చదివింపులు: "ఫలానావారు కృష్ణ పాత్రధారికి అయిదు వందల రూపాయలు చదివించారు." కథ ఆగిపోతుంది. కృష్ణుడు నవ్వుతూ దండం పెడతాడు, దుర్యోధనుడు మీసం సవరించుకుంటాడు. అర్జునుడు ఏం చెయ్యాలి? నేనైతే అర్జునుడిగానే ఉండిపోతాను. మన డెల్టా దోమ సంగతి తెలిసిందే, సరిగ్గా ఆ టైముకే చెంప మీద వాలుతుంది. కొట్టకూడదు. చూపు కృష్ణుడి కాళ్ల మీద పెడతాను. బొటనవేలి పారాణి చెమటకి కరిగి తెల్లటి దుప్పటి మీద ఎర్రగా అంటుకుని ఉంటుంది. దాన్నే చూస్తూ నిలబడతాను.

చదివింపులు సీను అయ్యాక చదివితే బాగుంటుందని నా అభిప్రాయం. పైకి అనలేం లెండి, ఆ డబ్బులతోనే కదా డ్రెస్సుల అద్దె కట్టేది.

ఆ జంట కవుల్లో తిరుపతి శాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిగారు కడియంలో పుట్టారు. అంటే ఈ పద్యాలు మన గట్ల మీదవే. ముందు వరసలో శాలువా కప్పుకున్న పెద్దాయన పెదవులు నాకంటే అర క్షణం ముందే కదులుతుంటాయి. ఒక్క అక్షరం జారితే ఆ పెదవులు ఠక్కున ఆగిపోతాయి. పరిషత్తు నాటక పోటీల్లో జడ్జీలకైనా ఇంత భయపడం.

ఈ సీజనులో ఎక్కడైనా పడక సీను పడితే, పాడే కృష్ణుడితో పాటు కాళ్ల దగ్గర నిలబడ్డవాడిని కూడా ఓసారి చూడండి. వింటున్నాడో, ఊరికే నిలబడ్డాడో మీకే తెలిసిపోతుంది. పాట లేకుండా తల వైపు కూర్చోవడమే ఇంకా కష్టమంటాడు మా దుర్యోధనుడు. నేనొప్పుకోనండీ. ఆయనకి కుర్చీ ఉంది.