పెట్టె పారేయకండి

అధ్యక్షులకు, సభకు నమస్కారం. కార్డులో 'యుద్ధకాలపు విరాళ పతకాలు' అని వేశారు. పావుగంటలో అన్నీ అయ్యేవి కావు. లూసిటేనియా పతకం ఒక్కటి చెబుతాను.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 మే 7న, జర్మన్ జలాంతర్గామి యూ-20 ఐర్లండ్ తీరం దగ్గర లూసిటేనియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను ముంచింది. మ్యూనిక్ శిల్పి కార్ల్ గోట్జ్ దానిమీద సొంతంగా ఒక వెటకారపు పతకం చేశాడు. ఒకవైపు మునుగుతున్న ఓడ, రెండోవైపు ఆ ఓడ కంపెనీ కునార్డ్ కౌంటర్లో టికెట్లమ్మే అస్థిపంజరం. తేదీ మాత్రం మే 5 అని వేశాడు. పత్రిక చూసి పొరబడ్డానన్నాడు, తర్వాత 7గా దిద్దాడు. బ్రిటన్ ఊరుకుంటుందా? రెండు రోజుల ముందే పన్నిన కుట్ర అంది. నకళ్లు ఇనుముతో పోతపోయించి, కరపత్రంతో సహా పెట్టెలో పెట్టి, షిల్లింగుకొకటి చొప్పున అమ్మింది. సుమారు రెండున్నర లక్షలు! డబ్బు రెడ్‌క్రాస్‌కూ, చూపు పోయిన సైనికుల సంస్థ సెయింట్ డన్‌స్టన్స్‌కూ వెళ్లింది.

ఇప్పుడు బజార్లో ఈ నకలునే 'అసలు జర్మన్' అని అంటగడుతున్నారు. 5 ఉంది కదా అని మురిసిపోకండి, నకలు మీదా 5 ఉంటుంది. నెల పేరు చివరి అక్షరం చూడండి. 'ఐ' అయితే జర్మన్ మాట, 'వై' అయితే బ్రిటిష్ నకలు. అయస్కాంతం అతుక్కుంటే కంచు కాదని మాత్రమే తేలుతుంది. పోత ఇనుములో గీతలు మొద్దుబారి, సన్నటి గుంటలు కనిపిస్తాయి.

ఆ గుంటలే దాని చావు. చెమట ఉప్పు, తేమ అందులో చేరి తుప్పు లోపలినుంచి లేస్తుంది. అయ్యా, వెనక వరుసవారు కూడా వినండి: చింతపండు పెట్టి తోమకండి! పులుపుకు నల్లటి పైపొర పోతుంది, నీళ్లు గుంటల్లో నిలుస్తాయి, నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. పొడి మెత్తటి బ్రష్షు, పల్చగా మైక్రోక్రిస్టలైన్ అనే రక్షణ మైనం, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం. అంతే.

ఇక నా గోడు. చిరిగిందని పెట్టె, పాతబడిందని కరపత్రం పారేస్తారు. పతకంమీద విరాళం ఊసే లేదు! ఆ కథంతా కాగితంలోనే ఉంది. అలాగని మూడూ కలిపి పెట్టకండి. అట్టలోని ఆమ్లం, తేమ ఇనుముకు పడవు, తుప్పు మరక కాగితానికి దిగుతుంది. పతకం ఒక కవర్లో, కాగితం ఆమ్లంలేని మరో కవర్లో ఉంచండి. పీవీసీ ప్లాస్టిక్ కవరు వద్దు. చిరుగుకు సెల్లోటేపు అసలే వద్దు.

నకలు ఒకటి వరుసల్లోకి పంపుతున్నాను. అంచు పట్టుకుని చూడండి, చివరి అక్షరమేమిటో చెప్పండి.