కుక్కకి బొచ్చు ఊడుతోందా? మందు సంగతి తర్వాత, ముందు దురద సంగతి తేలుద్దాం

హాయ్ అండీ, అందరికీ నమస్తే. వీకెండ్ ట్రిప్ వ్లాగ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఇంకొక్క వారం ఓపిక పట్టాలి. ఇవాళ మొత్తం కుక్క బొచ్చు గురించే. ఫ్యామిలీ గ్రూపులోనూ, కామెంట్లలోనూ ఒకే రకం ఫొటోలు వస్తున్నాయి. నడుము మీదో పొట్ట పక్కనో అరచెయ్యంత బోడి మచ్చ, కింద ‘దీనికి ఏం రాయాలి?’ అని ఒక ప్రశ్న. ఫొటో చూసి మందు పేరు చెప్పడం కుదరదండీ. బొచ్చు ఊడటం జబ్బు కాదు, జ్వరంలాగా అదొక లక్షణం. దాని వెనక పురుగు ఉండొచ్చు, ఫంగస్ ఉండొచ్చు, అలర్జీ ఉండొచ్చు, థైరాయిడ్ కూడా ఉండొచ్చు.

సొంతవాళ్ళకి దూరంగా, విదేశాల్లో బతికే చాలా ఇళ్ళల్లో పగలంతా మన తెలుగు వినేది ఆ కుక్కొక్కటే. దాని ఒళ్ళు అలా అయిపోతుంటే కంగారు రావడం సహజం. ఆ కంగారులో రెండు వారాలకో షాంపూ, నెలకో కొత్త ఫుడ్ మారుస్తూ పోతే అసలు కారణం ఇంకా మరుగున పడిపోతుంది. వరస ముఖ్యం. ఆ వరసే ఇవాళ చెప్తాను.

మొదటి ప్రశ్న: దురద ఉందా? ఉంటే దురద ముందు మొదలైందా, బొచ్చు ముందు ఊడిందా? దీనికి చాలామంది ‘మావాడు గోక్కోడండీ, ఊరికే పాదాలు నాకుతుంటాడు’ అంటారు. నాకడం కూడా దురదే. మొహం కార్పెట్‌కి రుద్దడం, పిర్రలు నేలకేసి ఈడవడం, చెవులు టపటపా విదిలించడం, రాత్రి నిద్రలో లేచి తొడ కొరుక్కోవడం, అన్నీ దురద లెక్కలోకే వస్తాయి. ఒక కాగితం మీద రోజూ సున్నా నుంచి 10 దాకా మార్కు వెయ్యండి. సున్నా అంటే మామూలు కుక్క, 10 అంటే తిండీ నిద్రా మానేసి గోక్కునే కుక్క. డాక్టరు దగ్గర మనకి దొరికేది కాసేపే. ఆ కాస్త టైములో ‘బాగా ఎక్కువండీ’ అనేకంటే ‘పోయిన వారం 4, ఈ వారం 8’ అని చెప్తే పని చకచకా జరుగుతుంది.

గోక్కోవడం కంటికి కనపడకపోయినా బొచ్చే చెప్తుంది. తెల్ల కుక్క అయితే పాదాల దగ్గర తుప్పురంగు మరక చూడండి. అది ఉమ్మి మరక, అంటే మనం చూడనప్పుడు అక్కడ నాకుతోంది. మచ్చ అంచున వేలితో నిమిరితే గరగరలాడుతూ మొండి వెంట్రుకలు తగిలాయా? అయితే బొచ్చు ఊడలేదు, కొరికి తుంచుకుంటోంది. డాక్టరు నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెడితే ఇది ఖాయంగా తెలుస్తుంది. కొస సన్నగా సాగి ఉంటే అది దానంతటది రాలిన వెంట్రుక, కొస విరిగి ఉంటే కుక్క చేసిన పని. ట్రైకోగ్రామ్ అంటారు, నిమిషాల్లో అయిపోతుంది. ఇంత చిన్న పరీక్ష ఇంత పెద్ద సంగతి తేల్చడం నాకు ఎప్పటికీ ముచ్చటే.

అన్నట్టు, సీజన్ మారినప్పుడు ఇంటినిండా బొచ్చు రాలడం వేరు. ఎంత రాలినా కింద చర్మం కనపడకపోతే, మచ్చలు పడకపోతే అది మామూలు రాలుడే. దువ్వుకుంటే చాలు.

సరే, దురద ఉందనుకుందాం. మచ్చ ఎక్కడుందో చూడండి. తోక మొదలు, నడుము వెనక భాగం, వెనక తొడలు అయితే ముందుగా అనుమానించాల్సింది ఫ్లీలని, అంటే బొచ్చులో దూకుతూ రక్తం తాగే చిన్న పురుగుల్ని. ‘మా ఇంట్లో అవి లేవండీ’ అని తోసెయ్యొద్దు. వాటి ఉమ్మికి అలర్జీ ఉన్న కుక్కకి కొద్ది కాట్లు చాలు. పైగా అది నాక్కుని, కొరుక్కుని పురుగుని మింగేస్తుంది కాబట్టి మనకి కనపడకపోవచ్చు. సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్ల టిష్యూ మీద వెయ్యండి. ఎర్రగోధుమ రంగు దిగితే అది మట్టి కాదు, ఫ్లీ మలం, అందులో ఉన్నది కుక్క రక్తమే. మందు ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ వెయ్యాలి, కనీసం మూడు నెలలు ఆపకూడదు. గుడ్లు, పిల్లపురుగులు, గూళ్ళు కుక్క మీద కాకుండా కార్పెట్లో, పరుపు సందుల్లో ఉంటాయి. గూట్లో ఉన్నదాన్ని మందులు సరిగ్గా చంపలేవు. అందుకే రెండో నెలలో మళ్ళీ పురుగు కనపడితే మందు పనిచెయ్యలేదని మానేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే ఒక జాగ్రత్త: పర్‌మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లికి ప్రాణాంతకం.

చెవి అంచులు, మోచేతులు, వెనక కాలి మడమలు అయితే గజ్జి. చెవి కొస మడిచి రెండు పొరలూ ఒకదానికొకటి రుద్దితే వెనక కాలు దానంతటదే గోక్కున్నట్టు ఆడిందంటే అనుమానం బలపడుతుంది. ఇంట్లోవాళ్ళకి కూడా చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దురద పొక్కులు వస్తే ఇంకా బలపడుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. గజ్జి పురుగు చర్మం గీకి చూసినా చాలాసార్లు దొరకదు. పరీక్షలో లేదంటే లేదని కాదు, అనుమానం ఉంటే వైద్యం చేసి చూడటమే పద్ధతి.

డెమోడెక్స్ అని ఇంకో పురుగుంది. ఇది వెంట్రుక కుదుట్లో ఉంటుంది, పుట్టిన తొలి రోజుల్లో తల్లి నుంచి పిల్లకి వస్తుంది. కొద్దిగా దాదాపు ప్రతి కుక్కలోనూ ఉంటుంది, మనకి అంటదు. రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు పెరిగిపోతుంది. కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, ముందు కాళ్ళ మీద మచ్చలు పడతాయి, మొదట్లో దురద కూడా ఉండదు. దీనికి పైపైన గీకితే సరిపోదు. చర్మాన్ని వేళ్ళతో నొక్కి, బ్లేడుకి మినరల్ ఆయిల్ రాసి, రక్తం చెమర్చేదాకా గీకాలి. కుక్కపిల్లలో రెండు మూడు చిన్న మచ్చలే అయితే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పెద్ద వయసులో కొత్తగా వచ్చిందంటే మాత్రం లోపల ఇంకేదో జబ్బు ఉందేమో వెతకాలి. ఇప్పుడు అఫాక్సొలనర్, ఫ్లూరలనర్ లాంటి మాత్రలతో బాగా తగ్గుతోంది. బొచ్చు వచ్చేసిందని ఆపకూడదు. నెల తేడాతో రెండుసార్లు గీకి చూసి, రెండుసార్లూ పురుగు లేదంటేనే ఆపాలి. ఈ మాత్రల కుటుంబం గురించి 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది, కొన్ని కుక్కల్లో ఫిట్స్ రావచ్చని. మీ కుక్కకి ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఒక జన్యువు తేడా వల్ల ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఎక్కువ డోసులో విషమవుతుంది, అది ఎవరో చెప్పారని వెయ్యొద్దు.

గుండ్రటి మచ్చ, అంచున పొట్టు, అయితే తామర కావచ్చు. ఉడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా మెరిస్తే మంచి ఆధారమే, మెరవకపోతే మాత్రం లేదని అర్థం కాదు. ఆ ఫంగస్‌లో మెరిసేది ఒక రకమే, అది కూడా అన్నిసార్లూ మెరవదు. కొత్త టూత్‌బ్రష్‌తో బొచ్చంతా దువ్వి కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో ఫంగస్ పెరుగుతుందేమో చూడటానికి పంపిస్తారు, ఫలితానికి మూడు వారాల దాకా పట్టొచ్చు. ఇది మనుషులకి అంటుతుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో రిపోర్టు వచ్చేదాకా కుక్కని మంచం ఎక్కనివ్వకండి.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. స్టీరాయిడ్ సూది వేస్తే ఒకటి రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. కారణం ఏదైనా చాలావరకు తగ్గుతుంది, అదే చిక్కు. డెమోడెక్స్ ఉంటే రెచ్చిపోతుంది, తామర ఉంటే పాకుతుంది. తర్వాత థైరాయిడ్ పరీక్ష చేస్తే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది, బయాప్సీకి చర్మం ముక్క తీస్తే ఆ ఫలితం కూడా మసకబారుతుంది. ఆ మందు చెడ్డదని కాదు, దాని వంతు ఉంది. గీకడం, టేపు పరీక్ష (చర్మం మీద టేపు అంటించి తీసి మైక్రోస్కోపు కింద చూడటం), దువ్వెన పరీక్ష అయ్యాకే దాని వంతు. డాక్టరు ఆ పరీక్షల ప్రస్తావన తేకపోతే మీరే మర్యాదగా అడగండి, ‘డాక్టర్‌గారూ, సూదికి ముందు ఒకసారి స్క్రేపింగ్ చేస్తారా?’ అని. బిల్లుని మనసులో రూపాయల్లోకి మార్చుకుని పరీక్ష వద్దనే అలవాటు మనలో చాలామందికి ఉంది. చివరికి గుడ్డిగా కొన్న షాంపూలకే ఎక్కువవుతుంది. ఇంకో మాట, అపాయింట్‌మెంట్ రోజు స్నానం చేయించి ముద్దుగా తీసుకెళ్ళకండి. పొట్టు, చీము, బాక్టీరియా అన్నీ కడుక్కుపోతే వాళ్ళు చూడటానికి ఏం మిగలదు.

టేపు పరీక్షలో ఎక్కువగా దొరికేవి బాక్టీరియా, మలస్సీజియా అనే ఈస్ట్. చిన్న చీముపొక్కు పగిలి చుట్టూ ఉంగరంలా పొట్టు లేస్తే బాక్టీరియా. జిడ్డు, పుల్లటి వాసన, చర్మం నల్లబడి మందంగా అవడం అయితే ఈస్ట్. క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం, మైకొనజోల్ 2 శాతం కలిసిన షాంపూ రెండిటికీ పనికొస్తుంది. వారానికి రెండుసార్లు, నురగ పట్టాక గడియారం చూసి 10 నిమిషాలు ఉంచాలి. షాంపూ పనిచెయ్యలేదనేవాళ్ళలో ఎక్కువమంది రెండు నిమిషాలకే కడిగేస్తారు. కానీ ఇవి ఊరికే రావు, దాదాపు ఎప్పుడూ వీటి వెనక ఇంకో కారణం ఉంటుంది. తగ్గి మళ్ళీ వస్తోందంటే ఆ కారణం ఇంకా అక్కడే ఉంది.

పురుగు లేదు, ఇన్ఫెక్షన్ తగ్గింది, అయినా పాదాలు, చంకలు, చెవులు దురద పెడుతున్నాయంటే అప్పుడు అలర్జీ. ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ వయసులో మొదలైతే ఇంకా అనుమానం. ఇంటికి కిట్ తెప్పించుకుని బొచ్చు, ఉమ్మి పంపి చేయించే అలర్జీ టెస్టుల్ని మాత్రం నమ్మకండి. పరిశోధకులు బొమ్మ బొచ్చు, నీళ్ళు పంపినా అలర్జీ ఉందని రిపోర్టులు వచ్చాయి. ఫుడ్ అలర్జీ తేలాలంటే ఒకటే దారి: కనీసం 8 వారాలు ఒకే ఆహారం. అది హైడ్రోలైజ్డ్ ప్రొటీన్, అంటే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రొటీన్ అయినా కావాలి, కుక్క ఇంతవరకూ తినని మాంసమైనా కావాలి. కాపలా కష్టం. రుచి కలిపిన పురుగుల మాత్ర, కుక్క టూత్‌పేస్టు, జెలటిన్ క్యాప్సూల్, పిల్లి గిన్నె, పాపాయి కుర్చీ కింద పడ్డ మెతుకు, ఏదైనా పరీక్ష పాడుచేస్తుంది. తగ్గిందంటే పని పూర్తవలేదు. పాత ఫుడ్ మళ్ళీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే అప్పుడు రుజువైనట్టు.

ఇక దురద అసలు లేకుండా రెండు పక్కలా ఒకేలా బొచ్చు పల్చబడితే దారి వేరు, హార్మోన్లు చూడాలి. బరువు పెరిగి, మందకొడిగా, వెచ్చటి చోటు వెతుక్కుంటూ, తోక బోడిగా ఉన్న నడివయసు కుక్క అయితే థైరాయిడ్. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ కొలిచే టీ4 ఒక్కటే తక్కువొచ్చిందని మందు మొదలెట్టొద్దు. వేరే జబ్బు ఉన్నా, స్టీరాయిడ్, ఫిట్స్‌కి ఇచ్చే ఫినోబార్బిటాల్, సల్ఫా మందులు వాడుతున్నా టీ4 పడిపోతుంది. ఫ్రీ టీ4, థైరాయిడ్‌ని నడిపే హార్మోన్ టీఎస్‌హెచ్ కూడా చూడాలి. మందు మొదలయ్యాక మళ్ళీ పరీక్ష చేసేటప్పుడు మాత్ర వేసిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయించండి. బొచ్చు రావడానికి నెలలు పడుతుంది. మొదట్లో పాత వెంట్రుకలు రాలిపోయి ఇంకా బోడిగా కనపడొచ్చు, అది చూసి ఆపెయ్యకండి.

నీళ్ళు ఎక్కువ తాగుతూ, పొట్ట జారి, చర్మం పల్చబడి, ఆకలి పెరిగితే కుషింగ్స్, అంటే ఒంట్లో కార్టిసోల్ అనే హార్మోన్ ఎక్కువైపోయే జబ్బు. ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది: గిన్నెలో కొలిచి పోసి, 24 గంటల తర్వాత మిగిలింది కొలవండి. కిలోకి 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 10 కిలోల కుక్క లీటరు కంటే ఎక్కువ తాగితే, డాక్టరుకి ఆ అంకె చెప్పండి. స్టీరాయిడ్ మందులు నెలల తరబడి వాడినా ఇదే రూపం వస్తుంది, కానీ అలాంటప్పుడు కంగారుపడి ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇంట్లో ఆడవాళ్ళు చేతికి ఈస్ట్రోజెన్ క్రీమ్ రాసుకుని కుక్కని ఎత్తుకుంటే, అది నాకి కూడా బొచ్చు ఊడుతుంది. డాక్టరు అడగరు, మనకి తట్టదు. తప్పక చెప్పండి.

బాక్సర్, ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లకి కొన్నిటికి ఏటా ఒకే సీజన్లో డొక్కల దగ్గర ఊడి, కొన్ని నెలలకి తిరిగొస్తుంది. నీలి, లేత గోధుమ రంగు డాబర్‌మాన్‌లలో రంగుకి సంబంధించిన జన్యువు వల్ల ఊడేది జీవితాంతం ఉంటుంది. పామరేనియన్లలో అలొపేషియా ఎక్స్ అని ఒకటుంది. తల, పాదాలు తప్ప ఒళ్ళంతా బోడి, కుక్క మాత్రం హుషారుగా ఉంటుంది. మిగతా కారణాలన్నీ కాదని తేలాకే ఆ పేరు పెట్టాలి. దాంట్లో వింతేమిటంటే, బయాప్సీకి ముక్క తీసిన చోట మాత్రం గుబురుగా బొచ్చు మొలుస్తుంది. దాన్ని చూసే మైక్రోనీడ్లింగ్, అంటే చర్మాన్ని సన్నటి సూదులతో గుచ్చడం, చేసి చూశారు, కొన్నిటికి పనిచేసింది. కొంతమంది డాక్టర్లు మెలటోనిన్ అనే హార్మోన్ మాత్ర ఇస్తారు, డోసు వాళ్ళే చెప్పాలి. ఏదీ పనిచెయ్యకపోయినా ఆ కుక్కకి నొప్పి లేదు, ఆయుష్షు తగ్గదు. ఎండలో చర్మం కాలకుండా, చలిలో వణక్కుండా ఒక పల్చటి చొక్కా తొడిగి బయటికి తీసుకెళ్ళండి.