ముందు కరెంటు వస్తోందా చూడండి

నమస్కారం.

ఈ పూట నేను ఒక మోటరు గురించి మాట్లాడతాను. పీచు తీసిన కొబ్బరికాయంత ఉంటుంది. కారు డ్యాష్‌బోర్డు వెనక, ఎవరి కంటా పడకుండా కూర్చుని, ఇంజను దగ్గర కాగిన నీళ్ల వేడిని గాలితో కలిపి లోపలికి తోస్తుంది. హీటర్ బ్లోవర్ మోటరు అంటారు. పాత కార్లలో అది పాడైతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది ఇవాళ్టి మాట.

మాది తెనాలి. చిన్నప్పుడు మాకు తెలిసిన ఫ్యాను మోటరు అంటే టేబుల్ ఫ్యానుదే. శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆ మర్నాడే నాన్న ఫ్యానును అటక మీంచి దించేవారు. స్విచ్చి వెయ్యగానే కీచుమని అరిచేది. నాన్న వెనక మూత విప్పి, అమ్మ కుట్టుమిషను దగ్గరున్న నూనె డబ్బా తెచ్చి, ఇరుసు తిరిగే బుష్షు మీద రెండంటే రెండు చుక్కలు వేసేవారు. అరుపు ఆగిపోయేది. కానీ నూనె వేసే ముందు ఇంకో పని చేసేవారు. ప్లగ్గులో టెస్టరు పెట్టి కరెంటు వస్తోందో లేదో చూసేవారు. ఫ్యాను అరుస్తోందంటే కరెంటు వస్తున్నట్టే కదా నాన్నా అనేదాన్ని. "అలవాటు చేసుకోమ్మా, ముందు కరెంటు," అనేవారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందు కరెంటు. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నేనుండేది స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో. వోల్వో పుట్టిన ఊరు. మా పక్కింటి పెద్దాయన దగ్గర 1989 నాటి వోల్వో 240 ఉంది, వెనక సామాను పెట్టుకోవడానికి పొడుగ్గా ఉండే రకం. ఈ దేశంలో చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు పేరుపెట్టే పిలుచుకుంటారు. నేనూ ఆయన్ని పేరుతోనే పిలుస్తాను. కానీ తెలుగులో చెప్పేటప్పుడు నాకు పెద్దాయన అనే వస్తుంది, అలాగే చెబుతాను.

240 గురించి రెండే మాటలు. 1974లో మొదలై 1993 దాకా తయారైంది. 28 లక్షలకు పైగా చేశారు. డబ్బాలా నలుచదరంగా ఉంటుంది, చిన్నపిల్లలు కారు బొమ్మ గియ్యమంటే గీసేట్టు. నాకు ఇష్టమైన కారు. దాన్ని కట్టినవాళ్లు చలిదేశం వాళ్లు కాబట్టి హీటరు మీద గట్టిగా మనసు పెట్టారు. ఒక్క మోటరు, దాని ఇరుసు రెండు వైపులా బయటికి వచ్చి ఉంటుంది, ఒక్కో కొసకు ఒక్కో చక్రం. మన ఎయిర్ కూలర్ బ్లోవర్‌లో డ్రమ్ములాంటి చక్రం ఉంటుంది చూశారా, చుట్టూ సన్నటి రెక్కలతో, అలాంటివి రెండు. అందుకే ఆ కారులో గాలి అంత జోరుగా వస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. మోటరు హీటరు పెట్టెకు నట్టనడుమ ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లాలంటే డ్యాష్‌బోర్డులో సగం విప్పాలి. ముందు ఆ మోటరును గాల్లో వేలాడదీసి, తర్వాత దాని చుట్టూ కారు కట్టారని 240 ఉన్నవాళ్లు చెప్పుకుంటారు.

పోయినేడు నవంబరులో ఆయన హీటరు ఫ్యాను ఆగిపోయింది. నవంబరు అంటే ఇక్కడ సగం రోజు చీకటి, పూటకో వాన. చలికి స్వెటర్ వేసుకోవచ్చు, అది పెద్ద సంగతి కాదు. సంగతల్లా అద్దం. తడిసిన కోట్లతో, తడి బూట్లతో ఇద్దరు కారెక్కితే, వాళ్ల ఊపిరిలోని తేమ చల్లటి అద్దం మీద మంచులా పేరుకుంటుంది. రెండు నిమిషాల్లో ఎదుటి రోడ్డు కనబడదు. వేడి గాలి కొడితే ఆ తేమ ఆరిపోతుంది. కొట్టకపోతే గుడ్డతో తుడుస్తూ నడపాలి, తుడిచిన చోట మళ్లీ పడుతుంది. అందుకని హీటరు ఫ్యాను సుఖం కోసం కాదు, చూపు కోసం అంటాను నేను. బ్రేకు పాడైతే బండి బయటికి తియ్యం. ఇదీ అంతే.

పెద్దాయన ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాడు. వాళ్లు స్విచ్చి తిప్పి చూసి, మోటరు పోయింది, రోజంతా పని, చాలా ఖర్చవుతుంది అన్నారు. పెద్దాయన దిగులుగా ఇంటికొచ్చాడు. అప్పుడు నాకు నాన్న మాట గుర్తొచ్చింది. కరెంటు వస్తోందా, ఎవరైనా చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు.

ఆ కారులో ఫ్యూజుల పెట్టె డ్రైవరు ఎడమకాలి పక్కన, తలుపు దగ్గర ఉంటుంది. ఇప్పటి కార్లలోలా ప్లాస్టిక్ ఫ్యూజులు కావు. పింగాణీవి, రెండు కొసలూ మొనదేలి, చిన్న క్యాప్సూల్‌లా ఉంటాయి, ఒంటి మీద సన్నటి లోహపు రేకు. రెండు రాగి చెవుల మధ్య ఇరుక్కుని కూర్చుంటాయి. ఫ్యాను ఫ్యూజు కాలిపోలేదు, బాగానే ఉంది. కానీ చెవుల మీద పచ్చటి చిలుం పట్టింది. పూజసామాను నెలల తరబడి తోమకపోతే ఎలా ఉంటుంది, అచ్చం అలా. ఫ్యూజును వేలితో అక్కడికక్కడే గుండ్రంగా తిప్పాను. లోపల ఫ్యాను కీచుమంటూ లేచింది. చిలుం గీకి, కొత్త ఫ్యూజు పెట్టాం. ఖర్చు దాదాపు ఏమీ లేదు. డ్యాష్‌బోర్డు జోలికే వెళ్లలేదు.

కాబట్టి ఇదే నా మాట, ముందు కరెంటు. ఫ్యూజు, దాని చెవులు చూడండి. ఫ్యాను చివరి స్పీడులో మాత్రమే తిరిగి, తక్కువ స్పీడుల్లో తిరగకపోతే అది మోటరు తప్పు కాదు, రెసిస్టరు తప్పు. స్పీడు తగ్గించడానికి కరెంటును అడ్డుకునే తీగచుట్ట అది, చివరి స్పీడులో కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా పోతుంది. ఎర్తు వైరు బాడీకి బిగించిన చోట తుప్పు ఉందేమో చూడండి. ఇవన్నీ అయ్యాక, స్విచ్చి చివరి స్పీడులో పెట్టి, మోటరుకు వెళ్లే వైరు దగ్గర మల్టీమీటరు పెట్టండి. 12 వోల్టులు వస్తున్నాయి, ఎర్తు బాగుంది, అయినా తిరగడం లేదు అంటే అప్పుడే, అప్పుడు మాత్రమే, మోటరు పోయినట్టు.

మరి మా కథ అక్కడితో అయిపోలేదు. ఫ్యాను లేచినప్పుడు కీచుమందని చెప్పానా? ఆ అరుపు నాకు తెలిసిన అరుపే. ఈ మోటర్లలో ఇరుసు తిరిగే బుష్షులు కంచుపొడిని అదిమి చేసినవి. కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి, వాటినిండా నూనె. ఇరుసు తిరిగి వేడెక్కితే నూనె బయటికి ఊరుతుంది, ఆగితే మళ్లీ లోపలికి ఇంకుతుంది. ముప్ఫై ఏళ్లకు ఆ నూనె ఎండి జిగురైపోతుంది. చలి ఉదయాల్లో మొదటి ఐదు నిమిషాలు అరిచి, వేడెక్కాక ఊరుకుంటుంది. అది మోటరు మనకు ముందుగా చెబుతున్న కబురు. ఆయనదీ అలాగే రెండు నెలలు అరిచి, జనవరి చివర ఒక పొద్దున పూర్తిగా నోరు మూసింది.

ఈసారీ ముందు కరెంటే చూశాం. మధ్య కన్సోలు పక్క పలక తీసి, వైరు దగ్గర మీటరు పెట్టాను. 12 వోల్టుల పైనే ఉంది. ఎర్తు బాగుంది. మోటరు ఉలుకూ పలుకూ లేదు. పెద్దాయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సరే, విప్పుదాం అన్నాడు.

శని, ఆదివారాలు పట్టింది. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేశాం. ఆయన కారులో ఎయిర్‌బ్యాగు లేదు. మీ కారులో ఉంటే దాని వైర్ల జోలికి వెళ్లకండి, తెలిసినవాళ్లని పిలవండి. కన్సోలు, రేడియో, గ్లోవ్ బాక్సు, కాళ్ల దగ్గరి గాలి గొట్టాలు ఒక్కొక్కటే వచ్చాయి. విప్పిన ప్రతి స్క్రూనూ పెద్దాయన గుడ్లు పెట్టే అట్టపెట్టెలో వేశాడు, ఒక్కో గుంటలో ఒక్కో చోటివి, పక్కన పెన్సిలుతో రాసి. గాలి దారులు మార్చే మూతలకు సన్నటి రబ్బరు గొట్టాలుంటాయి. వాటికి రంగు టేపులు చుట్టాను. ఫోనుతో ఫొటోలు తీశాను. గ్యారేజీలో చిన్న హీటరు పెట్టుకున్నాం, మా కోసం కాదు, ప్లాస్టిక్ కోసం. ముప్ఫై అయిదేళ్ల ప్లాస్టిక్ చలిలో అప్పడంలా విరుగుతుంది. వెచ్చగా ఉంటే కాస్త వంగుతుంది. ఈ పని సెప్టెంబరులో చేసుకోవాల్సింది, జనవరిలో కాదు. అరుపు వినబడిన రోజే చేసుకోవాల్సింది.

పెట్టె రెండు పక్కల మూతలూ స్టీలు క్లిప్పులతో పట్టి ఉంటాయి. అవి తీశాక కుడి చక్రం కనబడింది. దాని రెక్కల మధ్య దుమ్ము, ఎండిన బిర్చ్ ఆకుల ముక్కలు, పైన్ సూదులు, ముప్ఫై శరత్కాలాల చెత్త. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్ప్రింగు క్లిప్పు ఒకటి ఉంటుంది. అది లాగుతుంటే టప్పున ఎగిరి ఎటో పోయింది. అరగంట వెతికాం, చివరికి సీటు పట్టా కింద దొరికింది. రెండో వైపు తీసేటప్పుడు చుట్టూ పాత తువ్వాలు కప్పి తీశాను. మీరు మొదటిదానికే కప్పండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. చక్రాల మీద ఎడమ, కుడి అని పెన్నుతో రాసుకోండి. ఒకే ఇరుసు మీద రెండు వైపులా ఉన్నాయి కాబట్టి రెక్కల వంపు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటుంది. తారుమారైతే ఫ్యాను తిరుగుతుంది, చప్పుడూ వస్తుంది, గాలి మాత్రం సగం కూడా రాదు. అప్పుడు మళ్లీ మొదటినుంచీ విప్పాలి.

మోటరు బయటికొచ్చాక బల్ల మీద పెట్టి నాన్నకు వీడియో కాల్ చేశాను. తెనాలిలో అప్పటికి రాత్రయింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని చూశారు. "నూనె వేశావా అమ్మా?" అన్నారు. వేశాను నాన్నా, ఇరుసు చక్కగా తిరుగుతోంది, అయినా నడవడం లేదు అన్నాను. "అయితే బ్రష్షులు చూడు." విప్పి చూస్తే నిజమే, మోటరులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి అరిగి గోరంత మిగిలాయి, స్ప్రింగు తోస్తున్నా ఇరుసు మీది కమ్యుటేటరుకు, అంటే ఆ కరెంటు అందుకునే రాగి పట్టీలకు, తగలడం లేదు. లోపలంతా నల్లటి మసి. ఎండిన బుష్షులు, అరిగిన బ్రష్షులు, రెండూ ఒకేసారి. పెద్దాయనకు తెలుగు రాదు, నాన్నకు స్వీడిష్ రాదు. ఆయన ఆ బ్రష్షు ముక్కను కెమెరా ముందు పట్టుకుని చూపిస్తే నాన్న అయ్యయ్యో అన్నట్టు తల ఊపారు. ఇద్దరికీ అర్థమైంది.

కొత్త బ్రష్షులు వేసి, పాత బుష్షులకు నూనె పట్టించి మళ్లీ పెట్టొచ్చు. చాలామంది చేస్తారు. ఈ కారులో మాత్రం వద్దంటాను. అంత విప్పాక, అంత లోపల, మళ్లీ ఎండిపోయే బుష్షును పెట్టి మూసెయ్యడం తెలివైన పని కాదు. కొత్త మోటరే తెప్పించాం. కొనేటప్పుడు ఏసీ ఉన్న కారుకా, లేని కారుకా అని అడిగి తీసుకోండి.

కొత్త మోటరును బిగించే ముందు బల్ల మీదే బ్యాటరీకి తగిలించి తిప్పి చూశాం. చప్పుడు లేదు. ఏ వైపు తిరుగుతోందో చూశాం. వైర్లు తారుమారైతే ఇలాంటి మోటరు వెనక్కి తిరుగుతుంది. చక్రాలు బిగించాక చేత్తో తిప్పి విన్నాం. ఎడమవైపు టిక్ టిక్ మని చిన్న చప్పుడు. టార్చి వేసి చూస్తే ఒక వైరు రెక్కలకు తగులుతోంది. దాన్ని పక్కకు కట్టి మళ్లీ విన్నాం. అప్పుడు గానీ పెట్టె మూతలు పెట్టలేదు. అవి పెట్టాక కూడా, డ్యాష్‌బోర్డు బిగించక ముందే, బ్యాటరీ తగిలించి నాలుగు స్పీడులూ తిప్పాం. మూసే ముందు తిప్పి చూడండి. అన్నీ మూసేశాక టిక్ టిక్ వినబడితే ఎంత బాధో ఊహించుకోండి.

ఆదివారం రాత్రి తొమ్మిదికి ఆఖరి స్క్రూ బిగించాం. గుడ్ల అట్టపెట్టెలో గుంటలన్నీ ఖాళీ. పెద్దాయన వేలితో ఒక్కో గుంటా తడిమి చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నన్ను ట్రామ్ స్టాపు దాకా దింపుతానన్నాడు. ఇంకా తెల్లారలేదు, సన్నటి జల్లు. ఇద్దరం తడి కోట్లతో ఎక్కాం. కారు కదలకముందే అద్దం తెల్లబడిపోయింది. ఇంజను కాస్త వేడెక్కే దాకా ఆగి, ఆయన మీట తిప్పాడు. ముందు వెంట్లలోంచి గుప్పెడు ఎండుటాకుల పొడి మా ఒళ్లో పడింది. తర్వాత అద్దం అడుగున, చెరోవైపు, చంద్రవంకల్లా రెండు చోట్ల గాజు కనబడింది. ఆ వంకలు మెల్లగా పైకి పాకి, పాకి, మధ్యలో కలుసుకున్నాయి. ఎదురుగా వీధి దీపం, దాని కింద తడి రోడ్డు, రోడ్డు దాటడానికి నిలబడిన ఒక పిల్లాడు, వాడి వీపు మీద ఎర్రటి సంచి. పెద్దాయన చెయ్యి ఊపి వాణ్ణి దాటనిచ్చాడు. ఫ్యాను రెండో స్పీడుకు తగ్గించాడు. బయల్దేరాం.

సెలవు. నమస్కారం.