ఎర్త్ లగ్గు పచ్చబడితే తుడిస్తే పోదు

యాంకర్: వాహనాల వైరింగ్ మీద ఫోన్-ఇన్ కొనసాగుతోంది. స్టూడియోలో ఆటో ఎలక్ట్రీషియన్ గారు ఉన్నారు. గాజువాక నుంచి ఎవరో లైన్లో ఉన్నారు, చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. నాది గూడ్స్ ఆటో. ఫిషింగ్ హార్బర్‌లో చేపల బాక్సులు ఎక్కిస్తాను. హెడ్‌లైటు మసగ్గా ఉంటోంది సార్, హారన్ కొడితే ఇంకా డల్ అయిపోతోంది. బ్యాటరీ కొత్తదే.

నిపుణుడు: అయితే ఎర్త్ చూడాలి బాబూ, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి. ఛాసిస్‌కి బోల్టు వేసిన లగ్గు, అదే వైరు కొసకి నొక్కి బిగించే లోహపు ముక్క, ఎలా ఉంది?

శ్రోత: పచ్చగా పట్టేసింది. గీరి బిగిస్తే కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మామూలే.

నిపుణుడు: పైన గీరితే ఏం లాభం? బాక్సుల్లోంచి కారే ఉప్పునీళ్లు వైరు తొడుగు లోపలికి కూడా పాకుతాయి. ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టు. హెడ్‌లైటు వెలుగుతుండగా ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి లైటు ఎర్త్‌కి. దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు చూపిందంటే ఆ దారిలోనే ఎక్కడో పోతోంది. అప్పుడు బ్యాటరీ మైనస్ తీసేసి, లగ్గు కోసి, తొడుగు కాస్త ఒలిచి చూడు. రాగి నల్లగా ఉంటే మెరిసే రాగి తగిలేదాకా వెనక్కి కొయ్యి. వైరు చాలకపోతే అదే మందం ముక్క కలపాలి.

శ్రోత: మరి లగ్గు ఏది తీసుకోమంటారు?

నిపుణుడు: తగరం పూత ఉన్న రాగిది. షాపులోనే అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే ఇనుము, వద్దు. ప్లాస్టిక్ తొడుగున్న లగ్గుల్లో ఎరుపు 0.5 నుంచి 1.5, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైరుకి. లావు లగ్గులో సన్న వైరు దూర్చి, మడిచి నింపేవాళ్లున్నారు. అది ఊడి తీరుతుంది.

యాంకర్: మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే చాలదా అండీ?

నిపుణుడు: అందరూ చేసేదదే. లగ్గు చపాతీలా అణుగుతుంది గానీ లోపల పోగుల మధ్య సందులు మిగులుతాయి. ఆ సందుల్లోకే ఉప్పు గాలి. లగ్గులు నొక్కడానికే ఉండే రాచెట్ క్రింపింగ్ ప్లయర్ కొనండి. పూర్తిగా నొక్కేదాకా అది వదలదు, అదే దాని గొప్ప. నొక్కాక గట్టిగా లాగి చూడాలి. వచ్చేస్తే మంచిదే, రోడ్డు మీద రాకుండా ఇక్కడే వచ్చింది.

శ్రోత: మా మెకానిక్ సోల్డర్ పెడదామన్నాడు సార్.

నిపుణుడు: కరిగించి అతికే ఆ సోల్డర్ పోగుల వెంట పాకి వైరుని కర్రలా బిగిస్తుంది. బండి అదురుకి, సరిగ్గా అది ఆగిన చోట విరుగుతుంది. దాని బదులు లోపల జిగురుండి, వేడికి ముడుచుకునే గొట్టం, హీట్ ష్రింక్ స్లీవు వేసి వేడి చెయ్యి. కొనల్లోంచి జిగురు కాస్త బయటికి పొంగితే లోపలికి నీళ్లు పోవు. ఛాసిస్ మీద బోల్టు చోట పెయింటు గీకడం మర్చిపోకు, బిగించాక పైన గ్రీజు పూయి.

యాంకర్: భీమిలి నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: స్కూటరుకి ఫాగ్ లైట్లు పెట్టించానండీ. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. పర్వాలేదా?

నిపుణుడు: ఎండకి టేపు జిగురు కారిపోతుందమ్మా. ఆ జాయింట్లు లగ్గులతో మార్పించండి. అంతకంటే ముందు బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందో లేదో చూడమనండి. లేకపోతే అది పెట్టేదాకా ఆ లైట్లు వెయ్యకండి.