చిన్న గాజు ముక్కకు ఏ సాన?

అందరికీ నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి వైపు అద్దాల పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది “ఏ మిషన్ కొనాలి?” అని. దానికన్నా ముందు, ముక్క అంచు చివరికి ఎక్కడ ఉంటుందో చూసుకోండి. ఒడిశాలోని పిపిలిలో చేసే చాందువాలో, అంటే గుడ్డముక్కలు అతికి కుట్టే పనిలో, కుట్టే అద్దంబిళ్ల అంచు దారం కింద దాగిపోతుంది. చేయి కోయకుండా పదును చావగొడితే సరిపోతుంది, అందుకు తడిపిన కార్బొరండం (సిలికాన్ కార్బైడ్) సానరాయి చాలు. చెవికి వేలాడే గాజు అంచు మాత్రం కంటికి కనబడుతుంది, మెరవాలి కూడా.

గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలతలో మామూలు గాజు గట్టిదనం 5.5 దరిదాపు, కార్బొరండం 9కి పైన, వజ్రం 10. ఇనుప ఆకురాయికీ గాజుకూ పెద్ద తేడా లేదు కాబట్టి అది అరగదీసేది తక్కువ, పెచ్చులు లేపేది ఎక్కువ. దయచేసి దాన్ని వాడకండి.

మిషన్ కొంటే నిలువు డైమండ్ బిట్ (వజ్రపు పొడి పూసిన తిరిగే కడ్డీ) ఉన్న గ్రైండర్ కొనండి. రోజువారీ పనికి 100 గ్రిట్ బిట్ బాగుంటుంది (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం). తిన్నటి అంచుకు ముప్పావు అంగుళం, లోపలికి వంగే చోట పావు అంగుళం బిట్ పెట్టుకోండి. చవక బిట్ల మీద వజ్రపు పొడి ఒక్క పొరే ఉంటుంది, అది పోతే బిట్ పోయినట్టే. బిట్ వెనక స్పాంజి తడిగా ఆనుకుని ఉండాలి. అంచున పల్చటి పాలలాంటి నీరు కారుతుంటే సరిగ్గా ఉన్నట్టు. పొడి పొడిగా తెల్లపిండి కనబడిందంటే నీళ్లు చాలలేదు. వేడికి గాజు చిట్లుతుంది, వజ్రపు రేణువులు ఊడిపోతాయి. తొందరపడి నొక్కినా అంతే, అంచు పెచ్చులూడుతుంది.

సెంటీమీటరు కన్నా చిన్న ముక్క వేళ్లకు చిక్కదు, వేలే బిట్‌కు తగులుతుంది. పుల్ల చివర లక్క కరిగించి ముక్కను అతికించండి. లక్క నీటికి కరగదు. గాజును మాత్రం నేరుగా మంట మీద పెట్టకండి, మెల్లగా గోరువెచ్చన చేసి అతికించండి. అద్దమైతే ముఖం వైపు లక్కకు ఆనాలి, వెనక పూత పైకి ఉండాలి. సాన పూత వైపు నుంచి గాజు వైపుకు సాగాలి. ఎదురు పట్టిస్తే పూత లేచిపోతుంది. గోపాల్‌పూర్ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అంచున తేమ చేరి నల్లమచ్చలు వస్తాయి. అద్దం బాగా ఆరాక అంచంతా వార్నిష్ పూయండి.

మెరుపు కావాలంటే వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) 220, 400, 600 వరుసలో తడిపి రుద్ది, చివర ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) మీద సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడి పెట్టాలి. కాగితం మార్చినప్పుడల్లా ముక్కనూ చేతులనూ కడగండి. 220 రేణువు ఒక్కటి మిగిలినా 600 మీద గీత పెడుతుంది, మళ్లీ మొదటికి రావాలి.

కారు పక్క కిటికీల టఫెన్డ్ గాజు (వేడి చేసి గభాల్న చల్లార్చి గట్టిపరిచినది) జోలికి వెళ్లొద్దు, సాన తగిలితే మొత్తం పొడిపొడి అవుతుంది. కళ్లను కాపాడే రక్షణ అద్దాలు లేకుండా సానకు కూర్చోవద్దు. గాజుబురదను తూములో పోయకండి, అడుగున గట్టిపడి నీళ్లకు అడ్డం పడుతుంది. బకెట్లో రాత్రంతా పేరనిచ్చి, పైనీళ్లు వంచేసి, బురదను కాగితంలో చుట్టి చెత్తలో వేయండి.